వెయ్యిన్నూట పదహారో తలుపు

మొగుడి మీద కోపం వచ్చిన ఆడది ఏం చేస్తుంది? కంచం విసురుతుంది, పుట్టింటికి పోతుంది, లేదా మాట్లాడ్డం మానేస్తుంది. ఉమామహేశ్వరికి మొదటి రెండూ కుదర్లేదు. విసరడానికి ఎదురుగా మొగుడు లేడు, ఖతార్‌లో ఉన్నాడు. పుట్టిల్లేమో కాలవకి అవతలి గట్టున, కేకేస్తే పలికేంత దగ్గర్లో ఉంది. అక్కడికి పోతే అలిగి వచ్చిందని ఎవరూ అనుకోరు, పెరుగు తోడు కోసం వచ్చిందనుకుంటారు. అందుకని ఫోనులోనే ఓ మాట అనేసింది.

"ఇంకో రెండేళ్లుంటానని కంపెనీ వాళ్లకి మాటిచ్చేసేరా? నన్నో మాట అడగాలనిపించలేదా అండి మీకు? సరే, ఉండండి. రేపణ్నించి మన పెరడు కూడా వినపడనివ్వను. ఆ ఏసీ మోతే జోలపాటనుకుని పడుకోండి!"

ఫోను పెట్టేసింది. అనడమైతే అంది గానీ, అన్నంత పనీ చేసే ఉద్దేశం ఆమెకి గోరంత కూడా లేదు. కోపంలో నోరు ఊరుకోదు కదా. ఆ జబ్బు లేనివాళ్లెవరో ముందు చెప్పండి, అప్పుడు ఉమని తప్పుపడదాం.

ఇంతకీ పెరడు వినపడ్డం ఏమిటంటారా? అక్కడికే వస్తున్నా.

ఉమ భర్త రాజేంద్ర దోహాలో పెద్ద క్రేను నడుపుతాడు. ఎండాకాలం అక్కడ పగలు బయట పని చేయనివ్వరు, మనిషి మాడిపోతాడు. అందుకని రాత్రంతా ఆకాశంలో ఓ చిన్న అద్దాల గదిలో కూర్చుని ఇనుప దూలాలు ఎత్తి దించుతాడు. తెల్లారాక గదికొచ్చి పడుకోవాలి. పడుకోవడం వరకూ బాగానే ఉండేది, నిద్రే వచ్చేది కాదు. కిటికీకి నల్లకాగితం అంటించినా, కళ్ల మీద తువ్వాలు కట్టుకున్నా లాభం లేదు. కళ్లు మూసుకుంటే క్రేను కొక్కెం ఊగుతూ కనపడేదట. నిద్ర లేని మనిషి అంత ఎత్తున కూర్చుని బరువులు తిప్పితే కింద ఉన్నవాళ్ల గతేం కాను? ఆ మాట అతను ఉమకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ, పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వచ్చి, ఉమ ఫోను నూతిగట్టు మీద పెట్టి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి అటునుంచి సన్నగా గురక వినపడుతోంది. కొబ్బరాకులు గాలికి గలగలమంటున్నాయి, కాలవలో ఎవరో బట్టలుతుకుతున్నారు, బాతులు ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. ఈ చప్పుళ్లు విని మొగుడు పసిపిల్లాడిలా నిద్రపోయాడు. ఉమ ఫోను కట్టేయకుండా, అలికిడి కాకుండా, ఆ నూతిగట్టు పక్కనే చాలాసేపు కూర్చుంది.

అలా మొదలైంది. ఉమ అమలాపురం కాలేజీలో కంప్యూటర్లు చదువుకుంది. కొత్తపేటలో ఎవరో నెట్ సెంటరు ఎత్తేస్తుంటే ఓ పాత కంప్యూటరు కొనుక్కొచ్చి సామాన్ల గదిలో బియ్యం డ్రమ్ము పక్కన పెట్టింది. అది రేయింబవళ్లు తెరిచే ఉంటుంది, ముసలి పిల్లిలా గుర్రుగుర్రుమంటూ ఉంటుంది. పెరట్లో మందార కొమ్మకి ఓ మైకు కట్టి, వానకి తడవకుండా దాని మీద కొబ్బరి చిప్ప బోర్లించింది. ఆ మైకు విన్నదంతా కంప్యూటరులోకి, అక్కణ్నించి దోహాలో రాజేంద్ర చెవిలోకి.

ఆ తర్వాత అతని కలల్లో కూడా మనూరే. మంచం కింద నుంచి కాలవ పారుతోందని చెప్పేవాడు. క్రేను కొక్కేనికి దూలం బదులు కొబ్బరి గెల వేలాడుతోందని, దించుదామంటే కింద నూతిగట్టు మీద అమ్మ నిలబడి 'మెల్లిగా, మెల్లిగా' అంటోందని చెప్పేవాడు. ఓసారైతే ఎడారి మీద వాన పడిందట, ఇసకలోంచి కప్పలు లేచాయట. ఆవేళ ఇక్కడ నిజంగానే వాన పడింది. ఉమకి కూడా ఏది ఇల్లో ఏది కలో తెలియని హాయి పట్టుకుంది. పొద్దెక్కాక పెరట్లోకి వెళితే మునివేళ్ల మీద నడిచేది. మనిషి అక్కడే ఆ మందార చెట్టు కింద మంచం వేసుకుని పడుకున్నట్టే ఉండేది ఆమెకి.

ఇప్పుడా కంప్యూటరు సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. అందులో ఒక్కో పనికీ ఒక్కో గది ఉంటుంది. వాటిని కంటైనర్లంటారు. ఫొటోలు దాచుకునే గది ఒకటి, అత్తగారు వినే భజనల గది ఒకటి, పెరడు వినిపించే గది ఒకటి. ఒక గదిలో ఏం జరుగుతోందో పక్క గదికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కానీ బయటివాళ్లు రావాలంటే ప్రతి గదికీ వీధివైపు ఒక తలుపుండాలి, ఆ తలుపుకో నంబరుండాలి. దాన్ని పోర్టంటారు. ఒక నంబరు ఒక గదికే. రెండో గది వచ్చి అదే నంబరు కావాలంటే మిషను నిర్మొహమాటంగా కాదు పొమ్మంటుంది.

పెరటి గదికి నంబరు పెట్టేటప్పుడు ఉమ ఎనిమిదివేల ఎనభై పెడదామనుకుంది, కంప్యూటరు వాళ్లకది అలవాటైన నంబరు. అత్తగారు కాంతం పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"చివర సున్నా ఏంటే అమ్మా, అశుభం! పిల్లాడు వినేదానికి సున్నా పెడతావా? పెళ్లికి చదివించినా, పీటల మీద పెట్టినా మనం చివర పదహారు ఉండేలా చూసుకుంటాం కదా. వెయ్యిన్నూట పదహారు పెట్టు, చల్లగా ఉంటాడు."

అత్తగారి మాట. పైగా ఆ నంబరు పెట్టకూడదని ఏ రూలూ లేదు. ఉమ నవ్వుకుంటూ అదే పెట్టింది.

మావగారు తాతాజీకి మాత్రం ఇదంతా చెప్పలేదు. కొడుక్కి నిద్ర పట్టడం లేదని తెలిస్తే ఆయన ఊరుకునే మనిషి కాదు. ఆ మైకు దొంగల్ని పట్టే మిషనని ఆయన అనుకుంటూ ఉండేవారు. దాని పక్కనుంచి వెళ్లేటప్పుడు, 'నేనేలే' అన్నట్టు ఓసారి దగ్గి మరీ వెళ్లేవారు.

ఫోను పెట్టేసిన ఆ సాయంత్రమే మృగశిర గాలివాన వచ్చింది. వచ్చిందంటే అలా ఇలా కాదు. కొబ్బరిచెట్లు తలలు విరబోసుకుని పూనకం వచ్చినట్టు ఊగాయి. మట్టలు తెగి తీగల మీద పడ్డాయి, కరెంటు పోయింది. లైన్‌మెన్ సాల్మన్ నిచ్చెన భుజాన వేసుకుని ఊరంతా తిరిగి మట్టలు తీసి, తీగలు బిగించేసరికి మర్నాడు మధ్యాహ్నం దాటింది. ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్జు మొరిగింది, సామాన్ల గదిలో కంప్యూటరు మళ్లీ గుర్రుమంది. ఉమ పెరట్లోకి వెళ్లి చూసింది. కొబ్బరి చిప్ప కింద మైకు దీపం ఎర్రగా వెలుగుతోంది. అంతా బాగుందనుకుంది, పాపం.

ఆ రోజు రాజేంద్ర ఫోను చేయలేదు. తర్వాత రోజూ చేయలేదు. 'అబ్బో, చూడు ఈయన అలక!' అనుకుంది ఉమ. తప్పు తనది పెట్టుకుని మళ్లీ అలగడం కూడానా! నేనెందుకు చేస్తాను, చేయను గాక చేయను. పెరడు హాయిగా వింటూ పడుకుంటున్నాడు కదా, ఆ విశ్వాసమైనా లేదు. పంతంతో ఆమె ఫోను కంప్యూటరు దగ్గరే పడేసి, దాని మొహం కూడా చూడ్డం మానేసింది. కానీ పొద్దెక్కాక పెరట్లోకి వెళితే మాత్రం మునివేళ్ల మీదే నడిచింది. బాతులు గొడవపడితే వాటిని అవతలికి తోలింది. రాత్రంతా మేలుకున్న మనిషి, నిద్ర చెడగొట్టకూడదు కదా. కోపం కోపమే, నిద్ర నిద్రే.

ఆ రోజులు ఎలా గడిచాయో ఉమకే తెలీదు. అన్నం తింటే రుచి లేదు. వాన ఆగి ఎండ వచ్చి, ఎండలోంచి మళ్లీ సన్నటి జల్లు పడుతుంటే, చూరు కింద కూర్చుని అలా చూస్తూ ఉండిపోయేది. అర్ధనిద్రలో ఆమెకీ కలలు వచ్చాయి. మందార చెట్టు కింద మంచం ఉంది, దుప్పటి ఉంది, దుప్పటి కింద మనిషి లేడు. తట్టి చూస్తే ఇసక.

ఇంట్లో ఆనందంగా ఉన్నది తాతాజీ ఒక్కరే. ఆయన కొబ్బరి వ్యాపారం చేస్తారు. చుట్టుపక్కల తోటల్లో చెట్లెక్కించి దింపు తీయించి, కాయలు వలిపించి, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి పంపిస్తారు. గాలివాన వెళ్లిన మర్నాటినుంచి ఆయన కాలు నేల మీద నిలవడం లేదు. ఫోను చేత్తో పట్టుకుని కనపడిన వాళ్లందరికీ చూపిస్తున్నారు.

"చూడండి, నా ధరల బోర్డు! పచ్చికాయెంత, లోపలే ఎండిన కురిడీ కాయెంత, అంతా ఇందులోనే. మా కావ్య పెట్టింది. ఆవేళ పని చెయ్యదంది. గాలివాన వెళ్లేక దానంతటదే లేచి కూర్చుంది. అదీ మన నంబరు మహిమ!"

కావ్య ఆయన కూతురు, ఉమకి ఆడపడుచు. అమలాపురంలో ఉంటుంది, ఇంట్లోంచే కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. ఉమ తన స్నేహితురాలి సీమంతానికి వెళ్లిన రోజు వచ్చి ఈ బోర్డేదో పెట్టబోయి, కుదరక వెళ్లిపోయిందట. ఉమకి ఈ మాట సగమే చెవిన పడింది. మనసు ఇక్కడుంటే కదా. నంబరని ఆయన అన్న మాట కూడా ఆమె పట్టించుకోలేదు.

వారం తిరిగేసరికి ఆయన సంతోషం ఇంకో మెట్టెక్కింది. పొద్దున్న ఫలహారం దగ్గర పెసరట్టు చల్లారిపోతున్నా ముట్టుకోకుండా చెప్పారు.

"కాంతం, ఇది విన్నావా? నా బోర్డు ఎవరెవరు చూస్తున్నారో కింద పడుతుంది. ఏ దేశం నించి చూసినా తెలిసిపోతుంది. ఖతార్ నించి ఎవరో షావుకారు చూస్తున్నాడే! ఊరికే చూసిపోవడం కాదు. పొద్దున్న తెరిచేడంటే మధ్యాహ్నం దాకా ముయ్యడు. రోజూ అంతే. ఎంత శ్రద్ధో చూడు! పెద్ద ఎగుమతి బేరమే తగలబోతోంది మనకి."

కాంతం "మంచిదేనండి, ముందు అట్టు తినండి" అంది.

ఉమ చేతిలో చట్నీ గిన్నె ఉంది. గిన్నె కింద పెట్టింది. పొద్దున్న తెరిస్తే మధ్యాహ్నం దాకా. ఖతార్ నించి. రోజూ.

"మావయ్యగారూ, ఓసారి ఫోను ఇలా ఇవ్వండి."

పచ్చికాయ ధర, కురిడీ ధర, ఎండుకొబ్బరి ధర, పక్కన ఎర్రగా పచ్చగా బాణాలు. కింద చిన్న అక్షరాలతో 'ఇప్పుడు చూస్తున్నవారు. ఖతార్, ఒకరు.' పైన అడ్రసు చూసింది. తమ ఇంటి కంప్యూటరు అడ్రసే. చివర వెయ్యిన్నూట పదహారు.

అంటే గాలివాన నాటినుంచీ రాజేంద్ర రోజూ ఈ తలుపే తడుతున్నాడు. వాన వినపడాల్సిన చోట, ఆకుల గలగల వినపడాల్సిన చోట, అతనికి కొబ్బరి ధరలు కనపడుతున్నాయి. పెరడు వినపడనివ్వనని పెళ్లాం అంది. అన్నట్టే చేసింది. చేసి ఊరుకోకుండా దాని స్థానంలో ధరల పట్టీ తగిలించింది. 'డబ్బే కదా మీకు కావాల్సింది, ఇదిగో, కళ్లారా చూసుకోండి' అని! ఎవరైనా అలాగే అనుకుంటారు. ఉమ అయినా అలాగే అనుకునేది. ఇంత విషం నేను కక్కేనని ఆయన వారం రోజులుగా నమ్ముతున్నారా దేవుడా, అని అక్కడే కూలబడి ఏడ్చేసింది.

అంతకంటే ఎక్కువ బాధ ఇంకొకటి. అలా అనుకుని కూడా అతను ఆ తలుపు దగ్గర్నించి కదలడం లేదు. ధరలు చూడ్డానికా? అతనికి కురిడీ ధర ఎందుకు? ఎప్పటికైనా మళ్లీ మోగుతుందేమోనని, ఆ మూగ పేజీని చెవిలో పెట్టుకుని పడుకుంటున్నాడు. నిద్ర లేకుండానే మళ్లీ క్రేనెక్కుతున్నాడు.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. అలిగితే రాజేంద్ర, ఫోనులో ఉమ పేరు చూడగానే తలగడ మీద బోర్లించేస్తాడు. ఎత్తడు, మెసేజీ చదవడు. సంసారం చేసినావిడకి తెలియదా!

కావ్యకి చేసింది. కావ్య చల్లగా చెప్పింది.

"అయ్యో వదినా, ఆవేళ నీ కంప్యూటరులో బోర్డు పెట్టేను గానీ లేవలేదు. ఆ తలుపులో ఎవరో ఉన్నారు పొమ్మంది. నువ్వొచ్చేక అడుగుదామని అలాగే వదిలేసి వచ్చేసి మర్చిపోయేను. కరెంటు పోయి వచ్చినప్పుడు అన్ని గదులూ ఒకేసారి లేస్తాయి కదా, నీదానికంటే ముందు నాది లేచి తలుపు పట్టేసుకుని ఉంటుంది. మరి నీదానికి చోటు లేకపోయింది."

"అదే నంబరు ఎందుకు పెట్టేవమ్మా, లోకంలో నంబర్లే లేనట్టు?"

"నేనా? నాన్నగారు! ఎనిమిదివేల ఎనభై పెడతానంటే తిట్టేరు. చివర సున్నా ఉండకూడదు, వెయ్యిన్నూట పదహారు పెట్టు అన్నారు."

ఉమ తలెత్తి అత్తగారి వంక చూసింది. కాంతం చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఈ ఇంట్లో ఎవర్నడిగినా ఇంకో నంబరు చెబుతారా ఏంటే," అంది.

తాతాజీకి ఈ గొడవంతా సగమే అర్థమైంది. అర్థమైన సగం ఆయనకి నచ్చలేదు. తన బోర్డుని ఆ నంబరులోంచి లేపేస్తారట.

"కుదరదంటే కుదరదు! బేరం కాళ్ల దగ్గరికి వచ్చేక తలుపు మార్చేస్తారా? రేపా ఖతార్ షావుకారు వచ్చి తట్టి, కొట్టు కట్టేసేరనుకుని వెళ్లిపోతే? మీ పిట్టల కూతలకి ఇంకో నంబరు ఇచ్చుకోండి."

కాంతం మధ్యలోకి వచ్చింది. "అది కాదండీ. ఒక ముహూర్తానికి పది పెళ్లిళ్లు చేసుకోవచ్చు, కాదనేవాళ్లు లేరు. ఒకే కల్యాణమండపంలో రెండు పెళ్లిళ్లంటే ఎలా అవుతుందండీ? ముందు మాట్లాడుకున్నది అమ్మాయి."

"ముందు పీట వేసుక్కూర్చున్నది నేను!" అన్నారాయన.

ఉమ కళ్లు తుడుచుకుని లేచింది. ఈ మాట చెప్పకూడదని రాజేంద్ర ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుంది.

"మావయ్యగారూ, ఆ ఖతార్ షావుకారు మీ అబ్బాయేనండీ."

ఆయన ఫోను అందుకుని, కింద 'ఖతార్, ఒకరు' అన్న చోట మళ్లీ చదువుకున్నారు.

ఉమ అంతా చెప్పేసింది. నిద్ర పట్టకపోవడం, నూతిగట్టు మీద ఫోను, కొబ్బరి చిప్ప కింద మైకు, తను ఫోనులో నోరు జారడం, అన్నీ. తాతాజీ మెల్లిగా నడిచి వెళ్లి అరుగు చివర కూర్చున్నారు. పెరట్లో ఎవరో గునపానికి కాయ గుచ్చి డొక్క వలుస్తుంటే పర్రుమని చప్పుడొస్తోంది.

"నిద్ర పట్టదా వాడికి?" అన్నారు చివరికి. "ఎడ్లబండి మీద నిలబెడితే నిలబడి నిద్రపోయేవాడే. ఎక్కడ పడితే అక్కడ పడి నిద్రపోతున్నాడని కొట్టేను కూడాను. నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే వచ్చేయమంటారని అన్నారండి."

"అంటాను! అనక? నిద్ర లేకుండా ఆకాశంలో కూర్చుంటే ఊరుకుంటానా? నేను వాడి బాబునా కాదా?" భుజమ్మీద తువ్వాలు తీసి కళ్లకి అడ్డం పెట్టుకున్నారు. "తీసెయ్ నా బోర్డు. ఇప్పుడే తీసెయ్. ఏ నంబరైనా పెట్టుకో దానికి, నాకేం పట్టింపు లేదు."

అన్నారు గానీ, ఉమ సామాన్ల గదిలోకి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాక గుమ్మంలో నిలబడి నెమ్మదిగా అడిగారు. "ఊరికే అడుగుతున్నాను. చివర పదహారు ఉంటుందా?"

"ఐదువేల నూట పదహారు పెడుతున్నానండి మీకు."

"ఆయ్," అన్నారాయన, కాస్త తేరుకుని.

పని చిన్నదే. ఇంత ఏడుపుకీ ఇంత పనా అని ఉమకే సిగ్గేసింది. బోర్డు గది లోపల దాని ఏర్పాట్లన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, వీధి తలుపు నంబరు మాత్రం మార్చింది. తర్వాత పెరటి గదిని లేపింది. ఈసారి మిషను కాదనలేదు. ఇంకోసారి కరెంటు పోయినా ఎవరి తలుపు వాళ్లకే ఉంటుంది, తోపులాట ఉండదు. ధరల పేజీ కొత్త ధర కోసం తనంతట తనే మాటిమాటికీ తలుపు తడుతూ ఉంటుంది. రాజేంద్ర చేతిలో ఉన్న పేజీ ఈసారి తట్టినప్పుడు ధరలుండవు, పెరడుంటుంది.

తెర మీద 'వినేవారు' అన్న చోట సున్నా ఉంది. ముగ్గురూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. బయట జల్లు మొదలైంది. తాతాజీ దగ్గు వచ్చి ఆపుకున్నారు. కాంతం పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ని పిలుస్తోందో.

సున్నా పోయింది. ఒకరు.

ఉమ పరుగున పెరట్లోకి వెళ్లింది. మందార కొమ్మ తడిసి కిందకి వంగి ఉంది, ఆకుల మీంచి నీళ్లు ఆమె తల మీద పడ్డాయి. ఇన్నాళ్లూ ఆ మైకు దగ్గర ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు, నిద్ర చెడుతుందని. ఇప్పుడు కొబ్బరి చిప్ప కిందకి మొహం పెట్టింది.

"ఏవండీ. నేనండి. ఆపింది నేను కాదు. ఆ ధరల బోర్డు మావయ్యగారిది, దారి తప్పి మన తలుపులోకి వచ్చేసింది. నా మీద ఒట్టు. కానీ ఆపేస్తానని అన్నది మాత్రం నేనే. అలా అనకుండా ఉండాల్సింది. మీ నిద్ర పట్టుకుని బెదిరించకుండా ఉండాల్సింది." ఊపిరి తీసుకుంది. వాన చినుకులు చిప్ప మీద టపటపమంటున్నాయి. "రెండేళ్లు అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఇప్పుడూ ఒప్పుకోను, రేపూ ఒప్పుకోను, రోజూ దెబ్బలాడతాను. అది వేరే. దెబ్బలాడి దెబ్బలాడి మీరు పడుకునే వేళకి మాత్రం పెరడు తెరిచే ఉంచుతాను. మీరు రాకపోయినా తెరిచే ఉంచుతాను. విన్నారా?"

ఇక్కడ అన్న మాట అక్కడికి చేరడానికి కొంచెం సేపు పడుతుంది. మాటలు సముద్రం దాటాలి కదా. ఉమ చిప్ప కింద అలాగే నిలబడింది. జల్లు గట్టిపడింది. ఆ కాసేపట్లో ఆమె కళ్ల ముందు ఏవేవో తిరిగాయి. మందార చెట్టు కింద ఇసకంతా తడిసి మన్నవుతున్నట్టు, మన్ను మీద ఎవరో చెప్పులు విడిచినట్టు కనపడింది. తల విదిల్చుకుంది.

"ఉమా!" లోపల్నించి మావగారి కేక. "సున్నా అయిపోయిందమ్మా! వెళ్లిపోయేడే!"

పై ప్రాణాలు పైనే పోయాయి ఆమెకి. విన్నాడా? విని కట్టేశాడా? వినకుండానే కట్టేశాడా? మైకు పట్టుకుని ఏమండీ ఏమండీ అని రెండుసార్లు పిలిచింది. బాతులు తప్ప ఎవరూ పలకలేదు. అంతా అయిపోయిందనే అనుకుంది. తడిసిన చీరతో, ఏడుపు కూడా రాని మొహంతో వెనక్కి తిరిగింది.

కాంతం ఎదురొచ్చింది. చాచిన చేతిలో మోగుతున్న ఫోను.

"నీకే," అంది, చేతిలో పెట్టేసి పక్కకి తప్పుకుంది.

ఉమ చెవి దగ్గర పెట్టుకుంది. రాజేంద్ర గొంతు, వారం రోజుల మేలుకువతో బొంగురుపోయి, సగం కలలో ఉన్నట్టు వినపడింది.

"ఉమా."

"ఆయ్, చెప్పండి."

"ఇది పెట్టేసి మళ్లీ పెరట్లోకి వెళ్లు. అక్కణ్నించే మాట్లాడు. వింటూ పడుకుంటాను."

"ఏం మాట్లాడనండీ?"

"ఏదైనా సరే," అన్నాడు. "కొబ్బరి ధర తప్ప."